బండిని లేపితే సరిపోదు, కాలు చాపుకోనివ్వాలి

మా బావ ఒక సెకండ్ హ్యాండ్ వీ-క్రాస్ పికప్ కొన్నాడు. ఇల్లు రాయగడలో, పనులన్నీ కోరాపుట్ వైపు. సెమిలిగుడ దాటి లోపలి ఊళ్లకి వెళ్లే మట్టిరోడ్ల మీద బండి పొట్ట రాళ్లకి గీసుకుంటోందని ముందు షాకబ్జర్లు పీకించి, మరతిప్పి ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఉండే సెట్లు) వేయించాడు. వెనక కమాన్ కట్టల (ఇనుప పట్టీల స్ప్రింగుల) కిందా ఏదో దిమ్మ పెట్టించాడు. బండి రెండంగుళాలు లేచింది. ఫొటోల్లో భలే ఉంది. కానీ సుంకి ఘాట్ దిగుతుంటే ప్రతి చిన్న గుంతకీ ముందు నుంచి ఇనుము మీద ఇనుము కొట్టినట్టు ‘ఠక్’మని చప్పుడు. మా అక్క పొట్టంగి దగ్గరే ముందు సీటు వదిలేసి వెనక్కి వెళ్లి కూర్చుంది. బావ మాత్రం, “కొత్త స్ప్రింగులు కదా, గట్టిగా ఉన్నాయి. వాడితే మెత్తబడతాయి” అంటాడు.

సాలూరులో ఆగాం. సాలూరు అంటేనే లారీలు. అక్కడ కమాన్ల పని చేసే ఒక పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ముందు ఒక పక్క జాకీ పెట్టి లేపాడు. చక్రం నేల వదిలేదాకా ఎంత కిందకి వేలాడిందో నాలుగు వేళ్లు అడ్డంపెట్టి చూశాడు. నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. “బండిని లేపీసేరు గాని బాబూ, అది కాలు సాపుకోడానికి జాగా ఉంచనేదు” అన్నాడు.

ఎత్తు పెంచుదామనుకునేవాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఈ కాలు సంగతే.

చక్రం చాసిస్‌కి అతుక్కుని ఉండదు. ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా పైకీ కిందకీ కదులుతుంది. పైహద్దు దగ్గర రబ్బరు దిమ్మ ఉంటుంది, కిందిహద్దు దగ్గర షాకబ్జరు పూర్తిగా సాగి ఆగిపోతుంది. బండి నేల మీద నిలబడినప్పుడు చక్రం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. గట్టు ఎక్కితే చక్రం పైకి ముడుచుకోవాలి, గుంత వస్తే కిందకి చాపుకోవాలి. కిక్కిరిసిన బస్సులో నిలబడ్డవాడు మోకాళ్లు కాస్త వంచి నిలబడతాడు చూడండి, అలాగన్నమాట. కాళ్లు నిటారుగా బిగబట్టి నిలబడితే తల పైకే ఉంటుంది గానీ బస్సు గుంతలో పడ్డ ప్రతిసారీ మనిషి గాల్లోకి లేస్తాడు.

మరతిప్పి ఎత్తు పెంచడమంటే కాలు పొడవు పెంచడం కాదు, వంచిన మోకాలిని నిటారు చేయడం. చక్రం పైకీ కిందకీ కదిలే మొత్తం దూరం అంతే ఉంటుంది. పైకి ముడుచుకునే భాగం పెరిగినంత మేరా కిందకి చాపుకునే భాగం తరుగుతుంది. ఎత్తు అనేది ఆ చాపుడు దగ్గర చేసిన అప్పు.

లెక్కేసి చూద్దాం. తేలికగా ఉండేలా ఉజ్జాయింపు అంకెలు తీసుకుంటున్నాను. వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్‌లలో ముందు వైపు పైనొకటీ కిందొకటీ రెండు ఆర్మ్‌లు, మధ్యలో కాయిల్ స్ప్రింగు ఉంటాయి. స్ప్రింగు కింది కొస చక్రం దగ్గర ఉండదు, కింది ఆర్మ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అందుకని చక్రం 100 మి.మీ. కదిలితే స్ప్రింగు దాదాపు 55 మి.మీ. మాత్రమే కదులుతుంది అనుకుందాం. తలుపు అంచు జానెడు కదిలితే బందు దగ్గర బెత్తెడు కదిలినట్టు. ఈ లీవరు లెక్క వల్లే స్ప్రింగు మీద పడే బరువు చక్రం మీదున్న బరువు కన్నా ఎక్కువ. ఒక ముందు చక్రం 440 కిలోలు మోస్తుంటే స్ప్రింగు మీద 800 కిలోలు పడతాయి.

స్ప్రింగు ఒక మిల్లీమీటరు నొక్కడానికి 10 కిలోలు కావాలనుకుందాం. 800 కిలోలు పడితే 80 మి.మీ. నొక్కుకుంటుంది. అయితే కాయిలోవరు బిగించేటప్పుడే, బల్ల మీద ఉండగానే, స్ప్రింగుని 30 మి.మీ. నొక్కి పెట్టారు. దీన్నే ప్రీలోడ్ అంటారు. మిగిలిన 50 మి.మీ. బండి బరువు పడ్డాక కుంగుతుంది. స్ప్రింగు దగ్గర 50 అంటే చక్రం దగ్గర 90. అంటే గుంతలో పడ్డప్పుడు చక్రం 90 మి.మీ. కిందకి చాపుకోగలదు.

ఇప్పుడు కాలర్‌ని (స్ప్రింగు పైకొసని పట్టి ఉంచే మర రింగుని) కిందకి తిప్పి స్ప్రింగుని ఇంకో 27 మి.మీ. నొక్కారు. ముందు మూతి సుమారు 50 మి.మీ., అంటే రెండంగుళాలు లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. చాపుడు ఎంత మిగిలింది? 40 మి.మీ. మా మేస్త్రీ వేళ్లకి దొరకనిది ఇదే. అరచెయ్యి లోతు గుంత వచ్చినా షాకబ్జరు పూర్తిగా సాగిపోయి కిందిహద్దుకి కొట్టుకుంటుంది. ఆ ‘ఠక్’ అక్కడిది.

బావ చెప్పిన ‘గట్టి స్ప్రింగు’ మాట ఎందుకు తప్పో కూడా ఇందులోనే ఉంది. కాలర్ తిప్పక ముందూ తిప్పాకా స్ప్రింగు మోస్తున్నది అదే 800 కిలోలు, నొక్కుకున్నది అదే 80 మి.మీ. ఇంకో మిల్లీమీటరు నొక్కాలంటే అప్పుడూ 10 కిలోలే, ఇప్పుడూ 10 కిలోలే. చుట్లు సమానంగా ఉన్న స్ప్రింగు ఎంత తిప్పినా గట్టిపడదు. గట్టిగా అనిపించేదల్లా కిందిహద్దుకి తగిలే దెబ్బ. ఆ దెబ్బ తగ్గుతుందేమోనని చాలామంది షాకబ్జర్ బిగువు మార్చే నాబ్‌ని మెత్తన చేస్తారు, దానివల్ల చప్పుడు ఇంకా పెరుగుతుంది.

అయితే ఎంత చాపుడు ఉంచాలి? మొత్తం కదలికలో కనీసం మూడో వంతు కిందకి ఉండేలా చూసుకుంటే మన రోడ్లకి బాగుంటుందని నా లెక్క. మొత్తం 200 ఉంటే 65, 70 మి.మీ. చాపుడుకి వదలాలి. కాస్త పొడవైన షాకబ్జరు వేస్తే చాపుడు వెనక్కి తెచ్చుకోవచ్చు. మంచి కిట్లు అమ్మేవాళ్లు చేసేది అదే. కానీ అక్కడ ఇంకో రెండు హద్దులు ఎదురొస్తాయి. ఒకటి పై ఆర్మ్ చివర బాల్ జాయింటు. దాని గిన్నెలో గుండు తిరిగే కోణం అంతే, దాటితే గిన్నె అంచుకి ఒరుసుకుంటుంది. రెండోది ఫోర్‌వీల్ బండ్లలో ముందు చక్రాలకి వెళ్లే యాక్సిల్ షాఫ్టులు. వాటి సీవీ జాయింటు (వంగి ఉండి కూడా తిరిగే కీలు) వంపు పెరిగే కొద్దీ రబ్బరు బూట్ల మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటపడుతుంది, ఎర్రమట్టి లోపలికి పోతుంది. ఇలాంటి ముందు సస్పెన్షన్‌లో రెండంగుళాల దగ్గర ఆగమని చాలామంది చెప్పేది ఈ కారణాలకే. అంతకు మించాలంటే పై ఆర్మ్‌లు మార్చడం, డిఫరెన్షియల్‌ని (రెండు చక్రాలకీ తిప్పుడు పంచే గేర్ల పెట్టెని) కిందకి దించడం, ఇలా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ దారిలో వెళ్లాలా అన్నది డబ్బు సంగతి మాత్రమే కాదు. సీవీ బూటు చిరిగింది కుందులి సంత దగ్గరైతే స్పేర్ ఎక్కడ దొరుకుతుందో కూడా ఆలోచించుకోవాలి.

బరువు ముందు, ఎత్తు తర్వాత

చాలామంది వరస తప్పుతారు. ముందు ఎత్తు పెంచి, తర్వాత బంపరు, వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు మర), వెనక క్యానపీ (తొట్టి మీది కప్పు) ఒక్కొక్కటీ బిగిస్తారు. బరువు పడగానే మూతి కుంగుతుంది, మళ్లీ కాలర్ తిప్పుతారు. బరువు పెరిగితే వేయాల్సింది ఆ బరువుకి తగ్గ స్ప్రింగు. అదే 800 కిలోలకి మిల్లీమీటరుకి 12 కిలోల స్ప్రింగు వేస్తే 67 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది, కాలర్‌ని అంతగా తిప్పే పనే ఉండదు. మోతాదు మించితే ఖాళీ బండి రాళ్ల మీద గంతులేస్తుంది. అందుకని బండి మీద రోజూ ఉండే సామాను ఏదో ముందే తేల్చుకోవాలి.

మా బావ బండికి పాత ఓనరు పెట్టించిన స్టీలు క్రాష్ గార్డు ఉండేది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిని తీయించమని రాష్ట్రాలకి చెప్పిన సంగతి గుర్తుచేసి విప్పించాం. పడేసిన మర్నాడు కొలిస్తే మూతి దానంతటదే దాదాపు సెంటీమీటరు లేచింది, ఒక్క మర కూడా తిప్పకుండా.

కొలవడంలో కూడా ఒక తిరకాసు ఉంది. నేల నుంచి మడ్‌గార్డు దాకా కొలిస్తే టైరులో గాలి, టైరు అరుగుదల అన్నీ లెక్కలో కలిసిపోతాయి. చక్రం బుడిపె మధ్య నుంచి నిటారుగా మడ్‌గార్డు వంపు అంచు దాకా కొలవాలి. సమమైన నేల, ట్యాంకు నిండా డీజిలు, రోజూ ఉండే సామాను బండిలో. నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోవాలి. ఏ పనీ మొదలుపెట్టక ముందు రాసుకున్న అంకెలు లేకపోతే ఎంత లేచిందో ఎవరూ చెప్పలేరు. మా బావ దగ్గర ఆ అంకెలు లేవు, రెండంగుళాలు అనేది షాపు వాళ్ల మాట.

బండి ఒక పక్కకి వాలి ఉంటే వెంటనే ఆ పక్క కాలర్ తిప్పకండి. వాలు ముందు నుంచి వస్తోందా వెనక నుంచా తెలియాలి. వెనక డిఫరెన్షియల్ గుండు కింద, సరిగ్గా నడుమ జాకీ పెట్టి చక్రాలు కొద్దిగా లేపాలి. అప్పుడు ముందు వైపు వాలు పోతే తప్పు వెనక కమాన్ కట్టలో ఉంది, ఒకటి ఎక్కువ కుంగిందన్నమాట. వాలు అలాగే ఉంటే అప్పుడు ముందు కాలర్లని చూడొచ్చు. రెండు పక్కల కాలర్లు కొన్ని మిల్లీమీటర్లు తేడాగా ఉండటం తప్పేం కాదు, డ్రైవరు బరువు రోజూ కుడివైపే కదా.

కాలర్ తిప్పేటప్పుడు చక్రం గాల్లో ఉండాలి. స్టాండ్ల మీద నిలపాలి, ఒక్క జాకీని నమ్ముకుని చెయ్యి లోపల పెట్టకూడదు. మరల్లో ఇరుక్కున్న మట్టిని నైలాన్ బ్రష్షుతో తుడవాలి. వైరు బ్రష్షు పెడితే పూత లేచిపోయి ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. ఒక చుట్టుకి కాలర్ ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుందో చూసుకుంటే తర్వాత టేపు తీయకుండానే లెక్క వస్తుంది. చుట్టుకి 2 మి.మీ. దిగితే మూతి మూడున్నర పైచిలుకు లేస్తుంది.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే చాలా షాపుల్లో జారిపోయే పని ఇదే. ఆర్మ్‌లు చాసిస్‌కి బిగించే చోట రబ్బరు బుష్‌లు ఉంటాయి. చాలా బండ్లలో అవి బేరింగులా తిరగవు. రబ్బరు లోపల మెలిపడి మళ్లీ వెనక్కి వస్తుంది. బండి లిఫ్టు మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తే రబ్బరు ఆ వేలాడే స్థితిలోనే పట్టుకుంటుంది. బండిని నేలకి దించగానే ప్రతి బుష్షూ మెలిపడి ఉంటుంది, రోజంతా, పార్కింగులో కూడా. మెలిపడ్డ రబ్బరు తనూ ఒక చిన్న స్ప్రింగులా బండిని పైకి తోస్తుంది. దాంతో కొలత కొంచెం ఎక్కువ చూపిస్తుంది. కొన్ని నెలలకి రబ్బరు చిరిగి బండి కుంగుతుంది, అప్పుడు స్ప్రింగు నాసిరకం అని తిడతారు. బోల్టులు ముందు వదులుగా పెట్టి, బండిని నేలకి దించి, నాలుగుసార్లు ఊపి, నాలుగడుగులు ముందుకీ వెనక్కీ కదిపి, చక్రాల మీద నిలబడ్డప్పుడే ఆఖరి బిగింపు బిగించాలి. బండి కింద దూరాల్సి వస్తుంది కాబట్టి ఎవరికీ ఇష్టం ఉండదు. పక్కన నిలబడి అడిగితేనే చేస్తారు.

ఎత్తు ఖాయమయ్యాకే అలైన్‌మెంటు. చక్రం వెళ్లే దారి నిట్టనిలువు గీత కాదు, వంపు. ఎత్తు మారితే స్టీరింగు రాడ్ల కోణం మారి టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది. క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) సాధారణంగా తగ్గుతుంది. క్యాస్టర్ తగ్గితే మలుపు తిప్పాక స్టీరింగు దానంతటది నిటారుకి రాదు. ఘాట్ రోడ్డు మీద ఈ తేడా పది మలుపుల్లో భుజాలకి తెలిసిపోతుంది. టో ఒక్కటి సరిచేసి పంపించేస్తే సరిపోదు, క్యాస్టర్ అంకె కూడా చూపించమనండి.

వెనక సంగతి వేరు

వెనక కమాన్ కట్టలు. ఇక్కడ తిప్పడానికి మర లేదు, దారులు మూడు నాలుగు ఉన్నాయి. యాక్సిల్‌కీ కట్టకీ మధ్య దిమ్మ పెడితే దిమ్మ మందమెంతో బండి అంత లేస్తుంది, చవక కూడా. కానీ యాక్సిల్ కట్టకి దూరం జరిగినందువల్ల లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు, గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు కట్ట మెలితిరిగి ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంకరవుతుంది. షాకిల్ (కట్ట కొసని చాసిస్‌కి కలిపే లింకు) పొడవు పెంచితే పెంచిన దాంట్లో సగమే ఎత్తు వస్తుంది, 50 మి.మీ. షాకిల్‌కి 25. పైగా యాక్సిల్ కొద్దిగా తిరిగి ఇంజిన్ వైపు నుంచి వెనక యాక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారుతుంది. ఒక పట్టీ అదనంగా వేస్తే ఎత్తుతో పాటు గట్టిదనమూ పెరుగుతుంది. అల్లం బస్తాలు మోసే బండికి అది వరం, ఖాళీగా తిరిగే బండికి నడుంనొప్పి. నన్నడిగితే డబ్బుంటే కొత్త కట్టలు వేసుకోవడమే మేలు. ఏ దారి పట్టినా కట్టనీ యాక్సిల్‌నీ కలిపి పట్టే యూ బోల్టులు మాత్రం కొత్తవి వేయించండి. అవి ఒకసారి సాగి పట్టుకుంటాయి, విప్పిన వాటిని మళ్లీ బిగిస్తే అంత పట్టు రాదు. కొత్తవి కూడా మొదటి 500 కిలోమీటర్ల లోపు ఒకసారి మళ్లీ బిగించాలి.

లేపాక బండి కదిలేటప్పుడు సీటు కింద వణుకు వస్తే షాఫ్టు నడుమ ఉండే సెంటర్ బేరింగుని అనుమానించాలి. రెండు ముక్కల షాఫ్టు ఉన్న బండ్లలో ఇది మామూలే. ఆ బేరింగు బ్రాకెట్‌ని చిన్న స్పేసర్లతో కిందకి దించితే చాలాసార్లు తగ్గుతుంది.

ఖాళీ పికప్ వెనక భాగం కంపెనీ నుంచే ఎత్తుగా వస్తుంది, లోడు పడితే సమానం అవ్వాలని. కొందరు చూడ్డానికి బాగుండాలని ముందునీ వెనకనీ ఒకే ఎత్తుకి తెస్తారు. లోడెక్కగానే తోక కుంగి మూతి ఆకాశం చూస్తుంది, హెడ్‌లైట్లు ఎదురొచ్చే లారీ డ్రైవరు కళ్లలో పడతాయి. విజయనగరం నుంచి జయపురం వెళ్లే 26వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట నడిపినవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. లైట్లు మళ్లీ సర్దించుకోవడం ఐదు నిమిషాల పని.

ఇంకోటి, చాలామంది పేరు కూడా వినని భాగం. చాలా పికప్‌లలో వెనక యాక్సిల్ నుంచి చాసిస్ మీదున్న ఒక వాల్వుకి సన్నటి కడ్డీ ఉంటుంది. లోడు పడి చాసిస్ కుంగితే కడ్డీ కదిలి వాల్వు వెనక బ్రేకులకి ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. ఖాళీగా ఉంటే తక్కువ వదులుతుంది, చక్రాలు జామ్ అవకుండా. వెనక రెండంగుళాలు లేపి ఈ కడ్డీని అలాగే వదిలేస్తే వాల్వుకి బండి ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తుంది. తొమ్మిది బస్తాలతో ఘాట్ దిగుతున్నా వెనక బ్రేకులు సగం నిద్రలో ఉంటాయి, భారమంతా ముందు బ్రేకుల మీద పడుతుంది. లేపినంత మేర కడ్డీ బ్రాకెట్‌ని సర్దాలి. బావ బండికి ఇది చేయలేదు. సాలూరు మేస్త్రీ చూపించాకే మాకు ఆ కడ్డీ ఉందని తెలిసింది. చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు గొట్టాలూ ఏబీఎస్ వైర్లూ బిగుసుకోవడం లేదు కదా అని కూడా అప్పుడే చూసుకోవాలి.

నాబుల పని అన్నిటికన్నా ఆఖరిది. స్ప్రింగు బరువు మోస్తుంది, షాకబ్జరు ఆ స్ప్రింగు ఊపుని అదుపు చేస్తుంది. నాబు తిప్పితే ఎత్తు మారదు, మోసే బలమూ మారదు. పూర్తిగా బిగించి అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెట్టుకుంటూ సగానికి రావాలి. అక్కడి నుంచి ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో, ఒక్క నాబునే రెండేసి క్లిక్కులు మార్చి చూడాలి. స్పీడు బ్రేకరు దాటాక బండి ఒకసారి లేచి కుదురుకుంటే బాగున్నట్టు, పడవలా ఊగుతూ ఉంటే రీబౌండ్ (చక్రం తిరిగి చాపుకునేటప్పుడు షాకబ్జరు పట్టి ఆపే బిగువు) తక్కువ. రీబౌండ్ మరీ ఎక్కువైతే ఇంకో రకం బాధ. వరస గతుకుల్లో కాలు చాపుకునే లోపే తర్వాతి దెబ్బ పడుతుంది, ప్రతి దెబ్బకీ బండి కొంచెం కొంచెం కుంగి చివరికి రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. వెదురు కర్రల మీద సైకిలు తొక్కినట్టు ఉంటుంది.

ఇంతా చేస్తే వచ్చేదేమిటో కూడా చెప్పుకోవాలి. చాసిస్, సైడు మెట్లు, ఇంజిన్ కింది భాగం పైకి వెళ్తాయి. వెనక డిఫరెన్షియల్ గుండు మాత్రం మిల్లీమీటరు కూడా లేవదు, అది యాక్సిల్‌తో పాటు చక్రాల మధ్యే ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 245/70 ఆర్ 16 టైరు తీసి 265/70 ఆర్ 16 వేస్తే వ్యాసం 28 మి.మీ. పెరుగుతుంది, గుండు 14 మి.మీ. లేస్తుంది. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే నిజం వేగం 62 దాటి ఉంటుంది. బండి బరువు మధ్యస్థానం పైకి వెళ్లినందువల్ల మలుపుల్లో ఒరిగే గుణం పెరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పు 1,570, ఆ మధ్యస్థానం ఎత్తు 700 నుంచి 740 మి.మీ.కి వెళ్లిందనుకుంటే స్థిరత్వం ఐదు శాతానికి పైగా తగ్గినట్టు. తక్కువే అనిపిస్తుంది, సుంకి హెయిర్‌పిన్‌లో లోడుతో ఉన్నప్పుడు తక్కువ కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది బండి కిందే. పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులోనూ, పాలసీ ఇచ్చినవాళ్ల దగ్గరా రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది. మా బావ అడగలేదు. ఇప్పుడు ఆ టెన్షన్ వేరే.

బావ బండి ఇప్పుడెలా ఉందంటే, ముందు కాలర్లు 11 మి.మీ. వెనక్కి తిప్పాం, అంటే మూతి 20 దిగింది. చాపుడు 60 దాటింది. వెనక దిమ్మలు తీసేసి కట్టలో ఒక పట్టీ వేయించాం, వాల్వు కడ్డీ సర్దించాం, బుష్ బోల్టులన్నీ వదులు చేసి నేల మీద మళ్లీ బిగించాం. ఫొటోలో మునుపటంత ఎత్తు కనిపించడం లేదని బావ ఇంకా కొంచెం గొణుగుతూనే ఉన్నాడు. పోయిన వారం రాయగడ నుంచి కోరాపుట్ వెళ్తే అక్క దారంతా ముందు సీట్లోనే కూర్చుంది, సగం దూరం నిద్రపోయింది కూడా.